మిలాన్‌లో కాసా వెర్ది చూడటానికి వెళ్ళవచ్చా?

వీణాతంత్రి:
వచ్చే నెల అమ్మను తీసుకుని మిలాన్ వెళ్తున్నాను. అమ్మ చాలా ఏళ్ళు పిల్లలకు వీణ నేర్పింది. ఆపెరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, ఆడే లా స్కాలా థియేటర్ ఎలాగూ చూస్తాం. కానీ తను నోరు తెరిచి అడిగింది మాత్రం ఒక్కటే, ముసలితనంలో ఆసరా లేని సంగీతకారుల కోసం ఇటలీ ఆపెరా స్వరకర్త వెర్ది కట్టించిన ఇల్లు, కాసా వెర్ది. అక్కడ ఇప్పటికీ పెద్దవాళ్ళు ఉంటున్నారు కదా, మనం టూరిస్టుల్లా వెళ్ళడం బాగుంటుందా? లోపలికి రానిస్తారా? వెళ్ళినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మంద్రస్థాయి:
తప్పకుండా తీసుకెళ్ళండి. నేను మిలాన్‌లోనే ఉంటాను, ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను. గేటు దాటి లోపలి ప్రాంగణంలోకి వెళ్తే ఎదురుగా సమాధి మందిరం. వెర్ది, ఆయన భార్య జుజెప్పీనా స్ట్రెప్పోనీ పక్కపక్కనే ఉన్నారు. చిన్న వయసులోనే పోయిన మొదటి భార్య మార్గెరీతా పేరు మీద కూడా అక్కడ ఒక ఫలకం ఉంది. గోడల మీద పోల్యాగీ అనే కళాకారుడు చేసిన మొజాయిక్, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మలు, బంగారు రంగులో మెరుస్తుంటుంది. సమాధి వరకు చూడటానికి టికెట్ అక్కర్లేదు. పెద్దలు ఉండే గదుల వైపు మాత్రం ఎవరినీ పంపరు, పంపకూడదు కూడా. లోపలి హాళ్ళు చూడాలంటే ముందే మెయిల్ చేసి అడగాలి.

మీ అమ్మగారికి ఒక సంగతి చెప్పండి, నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అదే. వెర్ది 1889లో స్థలం కొన్నారు. ఆర్కిటెక్ట్ కమీల్లో బోయితో ప్లాన్ గీశారు. 1899 నాటికి కట్టడం పూర్తయింది. అయినా తను బతికుండగా తెరవనివ్వలేదు. లోపల ఉండేవాళ్ళు తన దగ్గరికొచ్చి చేతులు జోడించాల్సిన అవసరం రాకూడదని. ఆయన 1901 జనవరిలో పోయారు. మరుసటి ఏడాది అక్టోబర్ 10న, ఆయన పుట్టినరోజున, మొదటి అతిథులు వచ్చారు. అవును, అతిథులే. దిక్కులేనివాళ్ళు అనే మాటే అక్కడ వినపడదు. తన రచనలన్నిటిలోకీ తనకు బాగా నచ్చింది ఈ ఇల్లేనని వెర్ది ఒక స్నేహితుడికి రాశారు. ఆపెరాల రాయల్టీలు దీనికే రాసిచ్చారు, 1960ల వరకు ఇల్లు ప్రధానంగా ఆ డబ్బుతోనే నడిచింది. పాడినంత కాలం చప్పట్లు కొట్టి, గొంతు పోయాక మర్చిపోయే లోకంలో ఈ పని ఎంత పెద్దదో పాఠాలు చెప్పి బతికినవాళ్ళకే బాగా తెలుస్తుంది.

ఎర్రరైలు:
దారి సంగతి నేను చెప్తాను. ఊరి మధ్యలో ఉన్న పెద్ద చర్చి డ్యుయోమో దగ్గర మెట్రో ఎం1, అంటే ఎర్ర లైన్ ఎక్కి బ్వోనరోతి స్టేషన్‌లో దిగాలి. రో ఫియేరా వైపు వెళ్ళే రైలే ఎక్కండి. బిస్చేల్యె బండి పగానో దాటాక వేరే దారి పడుతుంది. పైకి రాగానే చౌరస్తాలో వెర్ది విగ్రహం, దానికి ఎదురుగానే ఇల్లు. బయల్దేరే ముందు వేళలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

వీణాతంత్రి:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. అమ్మకు చదివి వినిపించాను, చేతులు జోడించకూడదన్న మాట దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. తనకు మోకాళ్ళ నొప్పులు, మెట్లున్నాయా? ఫొటోలు తీసుకోనిస్తారా?

మంద్రస్థాయి:
సమాధుల దగ్గరికి దిగడానికి మెట్లున్నాయి. దిగకపోయినా పైనుంచి చక్కగా కనిపిస్తాయి, టెన్షన్ పడకండి. ఫొటోలు సమాధికి, భవనానికి తీసుకోండి, ప్రాంగణంలో కూర్చున్న పెద్దలకు మాత్రం వద్దు. అది వాళ్ళ ఇల్లు. ఎవరైనా పలకరిస్తే ఆగి మాట్లాడండి, అమ్మగారు వీణ టీచరని చెప్పండి. ఈమధ్య సంగీతం చదువుకునే కుర్రాళ్ళకు కూడా అక్కడ గదులిస్తున్నారు, కాబట్టి ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఇంకొకటి. ఆ ఇంట్లో కచేరీల హాలు ఉంది. మీరున్న రోజుల్లో ఏదైనా కచేరీ ఉందేమో మెయిల్‌లో అడగండి. ఉంటే లా స్కాలా టూర్ మరో రోజుకు మార్చుకుని అయినా సరే అమ్మగారిని కచేరీకే తీసుకెళ్ళండి.