కొత్తమ్మాయి వచ్చాకే గెలుస్తున్నాం, పాత స్నేహమే అడ్డమా?

పొగతెర: ఐదుగురు ఐదుగురు తలపడే షూటింగ్ గేమ్ వాలరెంట్‌లో మేం ఐదుగురం 2 ఏళ్లుగా కలిసి ఆడుతున్నాం. శత్రువుకి కనపడకుండా కాసేపు అడ్డుగా నిలిచే పొగలు, అంటే స్మోక్స్, వేసేది నేను. నెల క్రితం మా సెంటినెల్‌కి (సైట్ కాపలా కాసేవాడికి) ఉద్యోగం వచ్చి మానేశాడు. అతని చోట ఎవరికీ పరిచయం లేని అమ్మాయి చేరింది. కుదురుకోవడానికి నెలలు పడుతుందనుకున్నాను. మొదటి వారం నుంచే ఎక్కువ మ్యాచ్‌లు గెలుస్తున్నాం.

నిన్న హేవెన్ మ్యాప్‌లో, శత్రువులు స్పైక్ (బాంబు) పెట్టగల మూడు చోట్లలో ఒకటైన సి సైట్‌ని ఆ అమ్మాయి ఒక్కతే కాస్తోంది. "సి లాంగ్‌లో (సి సైట్‌కి వచ్చే పొడవాటి దారిలో) ఇద్దరు, ఒకడికి 80 డ్యామేజ్, స్పైక్ కనపడలేదు" అంది. మేం కదల్లేదు. స్పైక్ ఎ సైట్‌కే వచ్చింది. మా పాత సెంటినెల్ అయితే "సీ! సీ!" అని మాత్రమే అరిచేవాడు, ముగ్గురం పరిగెత్తేవాళ్లం. వాడంటే నాకు ప్రాణం, అందుకే ఇది రాయడానికి కష్టంగా ఉంది.

మూడోకన్ను: ఎవరికి ఏం తెలుసో గుర్తుంటే అన్నీ అందరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ 1985లో దీనికి ట్రాన్సాక్టివ్ మెమరీ అని పేరు పెట్టారు. మీ నలుగురికీ అది ఉంది. కానీ శత్రువు ఎక్కడున్నాడన్నది రౌండు రౌండుకీ మారుతుంది, అది ఎంత పాత స్నేహితుడికైనా చెబితేనే తెలుస్తుంది. ఆ అమ్మాయి మిమ్మల్ని ఎరగదు కాబట్టి అన్నీ చెబుతోంది.

రాత్రిరైడ్: డోటా 2 అనే మరో ఐదుగురి గేమ్‌లో ఓజీ జట్టుని చూడండి. 2018లో ముఖ్యమైన ఆటగాళ్లు వెళ్లిపోతే కోచ్ సెబ్ ఆడటానికి దిగాడు, పెద్ద టోర్నీల అనుభవం లేని టాప్సన్ చేరాడు. ఆగస్టులో డోటా ప్రపంచ టోర్నీ ది ఇంటర్నేషనల్ కొట్టారు. 2019లో అదే ఐదుగురు మళ్లీ కొట్టారు. కాబట్టి పాతవాణ్ణి వదులుకోకండి. తప్పు చేస్తే ఎవరూ తిట్టరన్న ధైర్యం స్నేహితుల మధ్యే ఉంటుంది. పరిచయం లేనివాళ్లతో ఆడేటప్పుడు నేను రిస్క్ తీసుకోలేను, మూల నుంచి తొంగి చూసే ఒక్క పీక్ తప్పితే చాట్‌లో తిడతారు.

పొగతెర: పాత రికార్డింగులు విన్నాను. స్మోక్ ఎక్కడ వేస్తున్నానో, ఎప్పుడు పోతుందో ఒక్కసారి కూడా చెప్పలేదు నేను. వాళ్లకి తెలుసులే అనుకున్నాను. మావాడు రెండుసార్లు నా స్మోక్ కరిగిపోయిన చోటే చచ్చిపోయాడు, ఒక్క మాట అనలేదు. ఆదివారం వాడికి సెలవు. ఆడదాం రమ్మని ఇప్పుడే మెసేజ్ పెట్టాను, ఆ రెండు రౌండ్ల సంగతి కూడా రాశాను.