కారు స్టీరియో ఆన్ అవుతోంది, కానీ శబ్దం రావడం లేదు. వైరు షార్టేనా?

నాలుగు రోజులుగా నా కారు స్టీరియో మూగబోయింది. డిస్‌ప్లే వెలుగుతోంది, బ్లూటూత్ కలుస్తోంది, పాట నడుస్తున్నట్టే కనిపిస్తోంది. కానీ నాలుగు స్పీకర్లలో ఒక్కటీ పలకడం లేదు. రేడియో పెట్టినా అంతే.

మ్యూట్, ఫేడర్ (ముందు-వెనక స్పీకర్ల శబ్దం సర్దేది), ఫ్యూజులు చూశాను, బాగానే ఉన్నాయి. శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్ విడిగా లేదు, స్టీరియో లోపలిదే. యూనిట్ బయటికి తీసి, స్పీకర్ వైర్లకు 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకిస్తే మూడు స్పీకర్లు టప్‌మన్నాయి. వెనక ఎడమ తలుపుది మాత్రం పలకలేదు. మల్టీమీటర్ పెడితే దాని వైరుకీ కారు బాడీకీ మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తోంది! మిగతా మూడింటి వైర్లు బాడీకి ఎక్కడా తగలడం లేదు, వాటి కాయిల్స్ 3.5 ఓమ్‌ల దగ్గర ఉన్నాయి. పోయిన వారం ఆ తలుపు ప్యానెల్ విప్పించాను, అప్పుడే వైరు నలిగిందేమోనని అనుమానం.

ఒక్క వైరు బాడీకి తగిలినా లోపలి యాంప్లిఫయర్ తనను కాపాడుకోవడానికి నాలుగింటినీ ఆపేస్తుందా? ఆ తలుపు స్పీకర్ రెండు వైర్లూ స్టీరియో నుంచి విడదీసి, కొసలకు టేపు చుట్టి ఆన్ చేయొచ్చా? అప్పుడూ శబ్దం రాకపోతే యాంప్లిఫయర్ ఐసీ (చిప్) కాలిపోయినట్టేనా? అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలో ఆమెకు ఆ పాటలే ధైర్యం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.