ఖతార్‌లో ఒకే సైట్, వేర్వేరు జీతాలు ఎందుకు?

అన్నలందరికీ నమస్తే. జగిత్యాల నుంచి దోహా వచ్చి నెలైంది. హెల్పర్‌ని, బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) 1,000 రియాళ్లు. నా రూములోనే ఉండే స్కాఫోల్డర్‌కు (పరంజా కట్టేవాడికి) 1,600. ఎండ ఇద్దరికీ ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు? ముందు ముందు పెరుగుతుందా?

---

తమ్ముడూ, ఆ 1,000 నీ పని చూసి కంపెనీ కట్టిన ధర కాదు. 2021 మార్చి నుంచి ఇక్కడ చట్టం పెట్టిన కనీస బేసిక్ అంతే. తిండి పెట్టకపోతే 300, రూము ఇవ్వకపోతే 500 అదనంగా ఇవ్వాలి, అది అడిగి తీసుకో. హెల్పర్ పనికి మన దగ్గర నుంచి, నేపాల్, బంగ్లాదేశ్ నుంచి ఎంతమందైనా వస్తారు. అందుకే కంపెనీలు కనీసం దగ్గరే ఆగుతాయి. సర్టిఫికెట్ ఉన్న స్కాఫోల్డర్ దొరకకపోతే మాత్రం పై అంతస్తు పని ఆగిపోతుంది.

నేను 2013లో 700కి వచ్చాను. రెండేళ్లలో స్కాఫోల్డింగ్ నేర్చుకున్నా. 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ పనులు జోరు మీదున్నాయి, పక్క కంపెనీ 1,400 ఇస్తానంది. మా కంపెనీ ఎన్‌ఓసీ, అంటే వేరే కంపెనీకి మారడానికి ఒప్పుకునే కాగితం, ఇవ్వలేదు. చేతిలో పని ఉంది, బయట గిరాకీ ఉంది, అయినా ఐదేళ్లలో పెరిగింది 150. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. 2020 సెప్టెంబరులో ఎన్‌ఓసీ అక్కర్లేదన్నారు, మరుసటి ఏడాదే మారాను.

నీకు ఆ దారి తెరిచే ఉంది. రెండేళ్ల లోపు సర్వీసుకు నెల నోటీసు, ఆ తర్వాత రెండు నెలలు. కార్మిక శాఖ ఆన్‌లైన్‌లోనే పెట్టు. చెప్పకుండా మాత్రం వెళ్లకు, పరారీ కేసు పెడతారు. కొత్త ఆఫర్‌లో మొత్తం చూసి మోసపోకు, బేసిక్ ఎంతో చూడు. ఓటీ (అదనపు గంటల పని డబ్బు), గ్రాట్యుటీ (పని మానేసినప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు) దాని మీదే లెక్క.

---

ఏజెంట్‌కు ఎంత కట్టావు తమ్ముడూ?

---

లక్షా ఇరవై వేలు అన్నా. నూటికి మూడు రూపాయల మిత్తి.

---

రిజిస్టర్డ్ ఏజెంట్ అయితే 30,000, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. రసీదు ఉంటే దాచిపెట్టు. నెలకు 3,600 మిత్తికే పోతుంటే ఎంత తక్కువిచ్చినా ఒప్పుకోవాల్సి వస్తుంది. ముందు అప్పులో అసలు తగ్గించు.

---

నిజం. పైగా 2022 తర్వాత పెద్ద పనులు తగ్గాయి, తొందరపడి మారకు. ఈ ఏడాది పని నేర్చుకో. శుక్రవారం మా క్యాంపుకి రా, పరంజాకు తగిలించే పచ్చ ట్యాగ్ (ఎక్కొచ్చు), ఎర్ర ట్యాగ్ (ఎక్కకూడదు) చదవడం దగ్గర మొదలుపెడదాం.