వానలో తడిసినప్పటి నుంచి సైకిల్ టక్ టక్ అంటాంది, పొద్దున్నుంచి కూర్చున్నా తేలట్లేదు

చెన్నూరోడు:
అన్నలారా కొంచెం సాయం చేయండి. వారం నుంచి ఒకటే వాన, రోజూ చెన్నూరు నుంచి కడపకు డ్యూటీకి సైకిల్ మీదే పోతాండా, లారీలు చిమ్మే బురద నీళ్లన్నీ నా మీదే సైకిల్ మీదే. బుధవారం నుంచి తొక్కుతాంటే టక్... టక్... అని సౌండ్. ఈ పొద్దు ఆదివారం కదా అని పొద్దున 7కు కూర్చున్నా, ఇప్పుడు ఒంటిగంట అయింది. చైన్ ఊడదీసి డీజిల్‌లో నానబెట్టి బ్రష్షుతో రుద్ది ఆరబెట్టి ఆయిల్ వేసినా, ఎక్కి తొక్కితే మళ్లా అదే టక్. అన్నం కూడా తినలేదు. రేపు డ్యూటీ ఉంది, ఏం చేయాల్నో చెప్పండి.

బెల్లు:
ఏం సైకిల్? ఫోటో పెట్టు.

చైన్ సామి:
బ్రో, వానలో మొదట పోయేది చైనే. పైన మెరుస్తాంటే బాగుందనుకుంటారు గానీ ఆయిల్ ఉండాల్సింది పైన కాదు, రోలర్ లోపల పిన్ను దగ్గర. వాన నీళ్లు ఆ ఆయిల్‌ను కడిగేస్తాయి, ఆ సందులోకి సన్న ఇసుక చేరుతుంది, ఇంక తొక్కే కొద్దీ పిన్నును ఆకురాయి పెట్టి రాసినట్టే. చైన్ సాగింది అంటాం కానీ ఇనుము సాగదు, పిన్నులు అరిగిపోతాయి. స్కేలు పెట్టి చూడు, ఒక పిన్నును సున్నా దగ్గర పెట్టి, దాని తర్వాత పిన్ను నుంచి ఒకటి అని లెక్క పెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాల. అంగుళంలో ఎనిమిదో వంతు దాటి ఉంటే ఆ చైన్ అయిపోయినట్టే, ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) పళ్లు కూడా తినేసి ఉంటుంది, రెండూ మార్చాల. ఇంకోటి, చాలామంది డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి ఆయిల్ వేసినామనుకుంటారు. ఆ పేరులో డబ్ల్యూడీ అంటేనే నీటిని తరిమేది అని అర్థం. తడిసినాక తేమ పోగొట్టడానికి పనికొస్తుంది, ఆ తర్వాత తుడిచి వేరే ఆయిల్ వేయాల్సిందే.

బెల్లు:
ఆయన అడిగింది సౌండ్ గురించి.

నల్లరేగడి:
మా ఎర్రగుంట్ల పక్క రండి, వాన అంటే ఏందో తెలుస్తుంది. నల్లరేగడి మన్ను మడ్‌గార్డ్‌కూ టైరుకూ మధ్య ఇరుక్కుంటే చక్రమే తిరగదు, పుల్ల పెట్టి గీకి గీకి తియ్యాల, నాలుగు అడుగులేస్తే మళ్లా అంతే. మాకు మన్నుతో పాటు రోడ్డు మీద సిమెంటు దుమ్ము కూడా, తడిసి ఆరితే రిమ్ము మీద గట్టిగా పట్టేస్తుంది. ఇంటికి రాంగానే ఆరకముందే బకెట్ నీళ్లు పోసి కడగాల, అంతే. అప్పుడప్పుడు కందెన పెట్టుకుంటే ఏ టక్కూ రాదు.

చైన్ సామి:
కందెన అంటే ఏది? ఆయిలా గ్రీజా? రెండూ ఒకటి కాదు, చైన్‌కు గ్రీజు పూస్తే మన్నంతా దానికే అంటుకుంటుంది. తెలియని వాళ్లు చదివి అదే చేస్తారు, దయచేసి సరిగ్గా రాయండి.

నల్లరేగడి:
ఇరుసుకు పూసేదంతా కందెనే సామీ. మా జేజినాయన ఎద్దులబండికి ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి పూసేటోడు, దాన్నే కందెన అంటారు. మీరు షాపులో డబ్బా కొన్నారని దాని పేరు మారుతుందా?

చైన్ సామి:
బండి ఇరుసుకు సరే, సైకిల్ చైన్‌కు ఆ మాట వాడితే జనం గ్రీజు అనుకుంటారు, నేను చెప్పేది అదీ.

చెన్నూరోడు:
అన్నా కందెన గొడవ తర్వాత. 24 పిన్నులు కొలిచినా, సరిగ్గానే ఉంది. సైకిల్ అంటే మామూలు సైకిలే కదన్నా, మా నాయనది, 22 ఇంచీల నల్ల సైకిల్, రాడ్ బ్రేకు. గేర్లూ డిస్కూ ఏం లేవు. బురద పోవట్లేదని మంగళవారం బండ్ల వాటర్ సర్వీసింగ్ దగ్గర గన్నుతో కొట్టించినా, తళతళ అయింది కానీ తెల్లారి నుంచే ఈ సౌండ్.

పాత సైకిల్ షాపు:
ఇది మొదటి లైన్లో చెప్పి ఉంటే పొద్దున్నే తేలిపోయేది కదప్పా. ఒక మాట చెప్పు, టక్ పెడల్ ఒక చుట్టుకు ఒకసారి వస్తాందా, లేక రెండు మూడు చుట్లకు ఒకసారా? చైన్లో లింకు బిగుసుకుంటే చైన్ మొత్తం ఒకసారి తిరిగితేనే వస్తుంది, అంటే పెడల్ రెండు చుట్ల పైనే.

చెన్నూరోడు:
చుట్టుకు ఒకసారి. కుడికాలు కిందికి నొక్కినప్పుడు.

పాత సైకిల్ షాపు:
అయితే చైన్ కాదు, నువ్వు ఆరు గంటలు రుద్దింది వృథా. కాటర్ పిన్ను, అంటే పెడల్ ఉండే కడ్డీని (క్రాంక్‌ను) మధ్య ఇరుసుకు (యాక్సిల్‌కు) బిగించే పిన్ను, లూజ్ అయి ఉంటుంది. రెండు పెడల్లూ అడ్డంగా పెట్టి రెండింటి మీదా ఒకేసారి గట్టిగా నొక్కు, తర్వాత సగం చుట్టు తిప్పి మళ్లా నొక్కు. క్రాంక్ యాక్సిల్‌ను పట్టుకునే చోట వేలు పెట్టి ఉంచు, కదిలితే వేలికే తెలుస్తుంది. కదలిక ఉంటే తొక్కకు, లూజ్ పిన్నుతో నాలుగు రోజులు తిరిగితే దాని చదును పక్క గుంట పడిపోతుంది, ఇంక ఎంత బిగించినా నిలవదు.
నట్టు తిప్పి లాగి బిగించొద్దు, మర పోతుంది. కింద బరువైన ఇనుప దిమ్మె ఆనించి పిన్నును సుత్తితో దిగగొట్టాల, నట్టు ఉండేది అది వెనక్కి రాకుండా మాత్రమే. దిమ్మె లేకుండా కొడితే ఆ దెబ్బంతా బీబీ (పెడల్ ఇరుసు తిరిగే చోటు) గుండ్ల మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి. కొత్తవి కొనాలంటే పాత పిన్ను చేత్తో పట్టుకుని పో, సైజులు తేడా ఉంటాయి. రెండూ మార్చు, ఒకదానికొకటి ఎదురు దిక్కుగా ఎక్కించు.
అది ఊడదీసినప్పుడే బీబీ కూడా విప్పించు. గన్నుతో కొట్టిస్తే నీళ్లు కప్పు సందులోంచి లోపలికి పోతాయి, సీటు పైపు నుంచి దిగేవి కూడా అక్కడికే చేరుతాయి, బయటికి పోయే దారి ఉండదు. గ్రీజు నీళ్లు తగిలి పాలు పోసిన టీ రంగులో ఉంటే తుడిచేసి గుండ్లు కడిగి కొత్త గ్రీజు పెట్టాల. చక్రం నడుమ ఉండే హబ్బు మధ్యలో చిన్న రేకు మూత ఉంటుంది చూడు, అది జరిపితే రంధ్రం, అందులో రెండు చుక్కలు ఆయిల్. మీ నాయనకు తెలిసే ఉంటుంది, అడుగు.

చెన్నూరోడు:
వేలు పెట్టి చూసినా అన్నా, కుడి పక్క కదుల్తాంది!! నాయన లేడన్నా, పోయిన ఏడాది పోయినాడు. అందుకే ఈ సైకిల్ అమ్మలేక తొక్కుతాండా.

పాత సైకిల్ షాపు:
అయ్యో. నాకు తెలీదప్పా. బాగా చూసుకో, మంచి ఇనుము అది, ఇంకా చాలా ఏండ్లు నడుస్తుంది.

నల్లరేగడి:
బకెట్ నీళ్లు పొయ్యమన్నా కానీ గన్ను అనలేదు నేను.

చైన్ సామి:
కందెన అని కూడా అన్నారు.

చెన్నూరోడు:
(మంగళవారం) రెండు పిన్నులూ మార్పించినా, బీబీలో నిజంగానే టీ రంగు గ్రీజు వచ్చింది. టక్ పోయింది. థాంక్స్ అన్నా. ఇంకో డౌటు, వానలో రాడ్ బ్రేకు అస్సలు పట్టట్లేదు, నిన్న అప్సర సర్కిల్ దగ్గర ఆటోకు తగలబోయినా. బ్రేకు కట్టలు మార్చితే పోతుందా?

బెల్లు:
స్టీలు రిమ్ము తడిస్తే అంతే. ముందు నుంచే కొంచెం నొక్కి పట్టుకో, నీళ్లు తుడుచుకుపోయినాక పడుతుంది. నెమ్మదిగా పో.

చెన్నూరోడు:
కట్టలు మార్చాల్నా వద్దా అన్నా?

నల్లరేగడి:
కందెన మాట తెలుగు మాటే, ఎవరన్నా పెద్దోళ్లను అడగండి.