బ్రిక్ గేమ్ తెర మీద కొన్ని నిలువు వరుసలు కనబడటం లేదు, ఎలా బాగుచేయాలి?

మాది విజయనగరం. చిన్నప్పుడు పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వెళ్తే, మూడు లాంతర్ల కూడలి దగ్గర నాన్న బ్రిక్ గేమ్ (చేతిలో పట్టుకుని ఆడే చిన్న వీడియో గేమ్) కొనిపెట్టారు. పైన '9999 ఇన్ 1' అని ఉంటుంది, ఆడితే అవే ఇటుకలు, పాము, కారు. మొన్న అటక మీద దొరికింది. బ్యాటరీ స్ప్రింగులకు పచ్చగా చిలుము పట్టింది. నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే పాట మోగింది! ప్రాణం లేచొచ్చింది.

కానీ 10 నిలువు వరుసల్లో కుడివైపు 3 కనబడటం లేదు. అంచున వేలితో నొక్కితే వస్తాయి, వదిలితే పోతాయి. విప్పి చూస్తే తెరకీ బోర్డుకీ మధ్య సన్నటి రిబ్బన్ అంటించి ఉంది. దాన్ని వేడి చేసి మళ్ళీ అంటించొచ్చా? ఎంత వేడి? తెర పాడవుతుందేమోనని టెన్షన్. ఇక్కడ గానీ శ్రీకాకుళంలో గానీ ఇలాంటివి చేసే మెకానిక్ ఉంటే చెప్పండి. కొత్తది కొనుక్కోమనకండి, నాకు నాన్న కొన్నదే కావాలి.