ఎదురుగా ఉన్న చెంబుని ఉన్నట్టుగా గీయించడం ఎలా?

గళ్ళకాగితం:
పెద్దవాళ్ళకి డ్రాయింగ్ క్లాసు, వారానికి రెండు గంటలు. బల్ల మీద స్టీలు చెంబు పెట్టి గీయమంటే అందరిదీ ఒకటే తప్పు. మూతి మరీ గుండ్రంగా, అడుగు స్కేలు పెట్టినట్టు తిన్నగా వస్తోంది. చేతి సాధన పెంచాలా? పరిశోధనల్లో తేలిన పద్ధతి ఏదైనా ఉందా?

నిలువుగీత:
తప్పు చేతిది కాదండీ. మనుషులు చూసింది చూసినట్టు ఎందుకు గీయలేరని కోహెన్, బెనెట్ అనే పరిశోధకులు 1997లో పరీక్షించారు. ముఖ్య కారణం చేతి నైపుణ్యం లేకపోవడం కాదు, వస్తువుని తప్పుగా చూడడమే అని తేల్చారు. మీ క్లాసులోనూ చూడొచ్చు: ఆ చెంబు ఫొటో మీద ట్రేసింగ్ పేపరు వేసి గీయమనండి, గీత చక్కగా వస్తుంది. మూతి గుండ్రమనీ, అడుగు బల్లకి ఆనుకుందనీ ముందే తెలుసు, ఆ తెలిసిందే గీసేస్తున్నారు. నిజానికి అడుగు కంటిమట్టానికి ఇంకా కిందుంటుంది కాబట్టి మూతి కంటే అడుగుకే వంపు ఎక్కువ.

ఫొటో ఫ్రేము అద్దాన్ని, అంచులకి టేపు వేసి, చెంబుకీ మనిషికీ మధ్య నిలబెట్టండి. ఒక కన్ను మూసి, గడ్డం పుస్తకాల దొంతి మీద ఆనించి, బోర్డు మార్కరుతో అద్దం మీదే అంచులు గీయాలి. తల కాస్త కదిలినా గీతలు కలవవు, అందుకే ఆ దొంతి. తర్వాత అదే చోట కూర్చుని కాగితం మీద చూసి గీయాలి. పై చుక్క, కింది చుక్క మాత్రం అద్దం నుంచి కొలిచి పెట్టండి. పూర్తయ్యాక అద్దాన్ని బొమ్మ మీద పెడితే మూతి ఎంత ఉబ్బిందో అక్కడికక్కడే కనబడుతుంది. మీరు నోటితో దిద్దడం కంటే ఇది బాగా పట్టుకుంటుంది.

పలకబలపం:
కాగితం బల్ల మీద పడుకోబెట్టి గీయిస్తున్నారా? అయితే ముందు అది మార్చండి. వాలుగా చూస్తూ గీస్తే బొమ్మ నిలువుగా సాగిపోతుంది. అట్టకి క్లిప్పు పెట్టి, చెంబు పక్కనే కనబడేలా నిలబెట్టండి. మెడ తిప్పే పని లేకపోతే చూపు ఎక్కువసార్లు వెళ్తుంది. మాటిమాటికీ వస్తువు వైపు చూసేవాళ్ళ బొమ్మలు ఎక్కువ కచ్చితంగా ఉన్నాయని కోహెన్ 2005లో చూపించారు. ఒక చూపుకి ఒక చిన్న గీత, మళ్ళీ చూపు. ఒకసారి చూసి పొడుగ్గా లాగే గీతలోనే తెలిసిన ఆకారం దూరిపోతుంది.

ముఖం లాంటి బొమ్మని తలకిందులుగా పెట్టి కాపీ చేయించడం కూడా ఒకటి రెండుసార్లు చేయించవచ్చు. ముక్కు, కన్ను అని పేర్లు పెట్టుకోకుండా గీతల్ని గీతలుగా చూస్తారు. అలా గీస్తే కుడిమెదడు పనిచేస్తుందనే వివరణని మాత్రం నమ్మకండి, పరిశోధనలో అది నిలవలేదు.

గళ్ళకాగితం:
కాగితాలు ఇన్నాళ్ళూ బల్ల మీదే ఉన్నాయండీ. అద్దం మీద బొమ్మ నిమ్మకాయంత వస్తోంది, ఏం చేయాలి?

నిలువుగీత:
అద్దాన్ని చెంబు వైపు జరపండి, చేయి అందేంతవరకే. అప్పటికీ చిన్నదైతే చెంబుని దగ్గరకి తెచ్చుకోండి. కన్ను మాత్రం అదే ఎత్తులో ఉండాలి.