పాప్లర్ చెట్ల వరుస: ఎత్తు తగ్గించాలా, కొట్టివేయాలా?

గట్టుపక్క: గోడ వెంబడి వరుసగా లాంబార్డీ పాప్లర్లు (స్తంభాల్లా నిటారుగా పెరిగే చెట్లు) ఉన్నాయి. ఇంటికంటే చాలా ఎత్తు పెరిగాయి. గాలివాన వస్తే భయం. చెట్లు కోసేవాళ్ళు సగానికి నరికేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

కొమ్మరెమ్మ: నిస్సంకోచంగా. ఎత్తు తగ్గితే గాలి దెబ్బ తగ్గుతుంది. పైగా పాప్లర్ మొండిది, ఎక్కడ నరికినా చిగురిస్తుంది.

తాడూరంపం: చిగురిస్తుంది, చిక్కంతా అక్కడే. నడిమికి నరికితే మాను వెడల్పంత గాయం. చెట్టు గాయాన్ని మనలా మాన్పుకోదు. కుళ్ళు పాకకుండా లోపల అడ్డుకట్టలు వేసుకుంటుంది. చెట్ల మీద పరిశోధన చేసిన అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో చెప్పింది ఇదే. ఆ పనిలో పాప్లర్ బలహీనం. కొత్త చిగుళ్ళేమో పై పొరకే అతుక్కుని బయలుదేరుతాయి. అవి బరువైన కొమ్మలయ్యేసరికి కింద మాను పుచ్చి ఉంటుంది. ఇక విరగక ఏమవుతుంది?

పద్ధతిగా తగ్గించాలంటే ప్రతి కోత ఒక పక్కకొమ్మ దగ్గర ఆగాలి. ఆ పక్కకొమ్మ, తీసేసే కొమ్మ మందంలో కనీసం మూడోవంతు ఉండాలి. లాంబార్డీలో కొమ్మలన్నీ నిటారుగా పైకే పోతాయి కాబట్టి అలాంటిది దొరకడమే గగనం.

కొమ్మరెమ్మ: తల నరికినా ఏళ్ళ తరబడి నిలబడ్డ పాప్లర్లు లేవా?

తాడూరంపం: ఉన్నాయి, కొన్నేళ్ళకోసారి అదే చోట మళ్ళీ కోయిస్తూ వస్తే. ఒకసారి మొదలుపెడితే మానడానికి లేదు. బేరం కుదుర్చుకునేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు!

మట్టివాసన: నేల సంగతి ఎవరూ అడగలేదేం? పాప్లర్ విపరీతంగా నీరు పీలుస్తుంది. బంకమన్నైతే ఎండి కుంగుతుంది. అలాగని చెట్లన్నీ ఒకేసారి కొట్టిస్తే ఆ మన్ను తిరిగి నీరు పట్టి ఉబ్బి, పునాదిని పైకెత్తవచ్చు. వేళ్ళ నుంచి పిలకలు లేవడం వేరే తలనొప్పి.

గట్టుపక్క: అంటే కోయించకూడదు, కొట్టించకూడదు. మరి?

తాడూరంపం: ముందు ఒక్కో చెట్టు మొదలు తెలిసినవాళ్ళకు చూపించండి. వెతకాల్సినవి: పుట్టగొడుగులు, పగుళ్ళు, డొల్ల శబ్దం, కొత్తగా పడ్డ వంపు. పుచ్చినవాటిని తీయించక తప్పదు. కానీ మధ్యలో ఒకటి తీస్తే, అంతవరకూ దాని చాటున పెరిగిన పక్కచెట్లకు గాలి నేరుగా తగులుతుంది; వాటినీ లెక్కలో పెట్టుకుని విడతలుగా చేయించండి. గట్టిగా ఉన్నవాటి జోలికి వెళ్ళవద్దు, ఎండుకొమ్మలు తీయిస్తే చాలు. పక్షులు గూళ్ళు పెట్టే కాలం మాత్రం దాటనివ్వండి. మొదలు చూడకుండానే సగానికి అన్నవాళ్ళకైతే ఈ పని అప్పగించవద్దు.